మేలుకో అన్న చరణం

భూపాలపల్లి నుంచి ఆ ఫోన్ వచ్చి మూడు రోజులైంది. ఆ మూడు రోజుల్లో అమర్‌సింగ్ ఒక్క పాట కూడా పాడలేదు.

జనగామ చుట్టుపక్కల అతని గొంతు వినపడని పెళ్లి ఊరేగింపు లేదు. నెల్లికుదురు దగ్గరి ఒక తండాలో పుట్టి, పదిహేడేళ్లు మిలిటరీలో చేసి, హవల్దారుగా ఇంటికొచ్చి, జానపదాలు పాడుతూ 'మిలిటరీ అమర్' అయిన మనిషి అతను. 'మంచుకొండ దిగి మామ వస్తడంట' అన్న పాటనైతే యూట్యూబులో రెండు కోట్ల మంది చూశారు. అదే పాట ఒక ముసలి తల్లి చెవిన పడింది. ఆమె కూతురు ఫోన్ చేసి, "నేను ఆమెర్ చెల్లెను. మా అమ్మ మిమ్ముల ఒక్కపారి రమ్మంటున్నది. పాట గురించట" అని పెట్టేసింది.

ఆమెర్ అతని పల్టన్‌లోనే సిపాయి. ఢోలక్ వాయించేవాడు. పదేళ్ల కింద మంచుకొండల్లో చనిపోయాడు. శవపేటికతో పాటు భూపాలపల్లికి వచ్చింది అమర్‌సింగే. ఆ తర్వాత అతను ఆ ఊరి వైపు పోలేదు. అక్కడి పెళ్లిళ్ల వాళ్లు పిలిచినా ఏదో వంక చెప్పి తప్పించుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున కారు తీస్తుంటే భార్య శారద గేటు దగ్గర నిలబడింది.

"గొంతు బాగలేదన్నవ్. ప్రోగ్రాం ఇడిసిపెట్టినవ్. ఇప్పుడేడికి?"

"భూపాలపల్లికి. ఆమెరోళ్ల ఇంటికి."

శారద అతని ముఖం చూసింది. పెళ్లయి పద్దెనిమిదేళ్లు. చలికాలంలో కూడా ఫ్యాను తిరగందే ఈ మనిషి పడుకోడని ఆమెకు తెలుసు. కరెంటు పోతే లేచి కూర్చుంటాడు. ఏమైందంటే చెప్పడు. స్టేజీ మీద కూడా అంతే. ఢోలక్ అతనికీ, ప్యాడ్ అతనికీ ముందే చెప్పి పెడతాడు, "చరణానికీ చరణానికీ నడుమ గ్యాప్ ఇయ్యొద్దు. ఏదో ఒకటి మోగుతనే ఉండాలె" అని. జనం అదంతా హుషారు అనుకుంటారు.

"నేను గుడ రానా?" అన్నది శారద.

"వద్దు."

హనుమకొండ దాటి, పరకాల దాటి, రేగొండ దగ్గర బొగ్గు లారీల వెనక పడేసరికి పదకొండున్నర అయింది. దారంతా అతను ఒక మాటను వల్లించుకుంటూనే ఉన్నాడు. 'ఆమెర్ పాడుతుంటే విన్ననమ్మా. వాని పేరు ఎయ్యకపోవుడు నా తప్పు.' ఆ మాట నిజమే. అంతవరకే చెప్పి లేచి రావాలనుకున్నాడు.

గని కాలనీ వెనక సందులో ఆ ఇల్లు అట్లాగే ఉంది. ముందుగదిలో ఆమెర్ తండ్రి అబ్దుల్ వహాబ్ మిషను మీద ఖాకీ ప్యాంటు కుడుతున్నాడు. డెబ్బై దాటినా టైలర్ పని మానలేదు. అమర్‌సింగ్‌ను చూసి తల ఊపి, కాలు ఆపకుండా లోపలి గది వైపు చెయ్యి చూపించాడు.

లోపల జహీరా బేగం మంచం మీద కూర్చుని ఉంది. పక్కన ఆమె కూతురు కహ్కషాన్. ఊళ్లోనే అంగన్‌వాడీ టీచరు. ఆ రోజుకు సెలవు పెట్టినట్టుంది. చాయ్ తెచ్చి ముందర పెట్టింది కానీ తాగమనలేదు.

"కూసో బేటా," అంది జహీరా. "మనిషివి లావైనవ్. మంచిదే. అప్పుడు పుల్ల తీర్గ ఉంటివి."

"మీ పానం ఎట్లున్నదమ్మా?"

"ఉన్నది." ఆమె ఫోన్‌ను కూతురికి ఇచ్చింది. "పెట్టు."

పాట మొదలైంది. ప్యాడ్ దరువు, వెనక ఈలలు, మిలిటరీ రంగుల చొక్కా వేసుకుని ఎగురుతున్న అమర్‌సింగ్. ఆ చిన్న గదిలో తన గొంతు తనకే పరాయిదిగా వినిపించింది. పల్లవి రెండుసార్లు తిరిగాక జహీరా చెయ్యెత్తింది. కహ్కషాన్ ఆపింది.

"మొన్న ఎదురింటోళ్ల పెండ్లిల మోగింది. బండి మీద ఇంత పెద్ద డబ్బాలు పెట్టిన్రు. పోరగాండ్లు దుంకుతున్నరు. నేను అన్నం తింటున్న. ముద్ద చేతుల్నే ఉండిపోయింది." జహీరా కూతురి వైపు తిరిగింది. "కింద ఏం రాసున్నదో సదువు."

"రచన, గానం, మిలిటరీ అమర్," అని చదివింది కహ్కషాన్.

అమర్‌సింగ్ వల్లించుకున్న మాట బయటికి తీశాడు. "అది నా తప్పేనమ్మా. ఆమెర్ పాడుతుంటే విన్న. వాని పేరు ఎయ్యాలె ఉండె. ఇయ్యాల్నే మార్పిస్త. అందరికి తెలిసేటట్టు చెప్త."

"పేరు సంగతి కాదు," అంది జహీరా. "పాటదేమున్నది, ఎవరన్న పాడుకోవచ్చు. నేను అడిగేది వేరు."

ఆమె కళ్లు మూసుకుని, ఊపిరి అందనంత సన్నటి గొంతుతో పాడింది.

"బొగ్గులారి పోయెదాక నిదురబో, నా చిట్టి నిదురబో
బాబ మిషను ఆగెదాక నిదురబో..."

ముందుగదిలో మిషను టకటకా నడుస్తూనే ఉంది.

"గిది ఆమెర్ పుట్టినప్పుడు కట్టిన. గీమె పుట్టినంక ఇంకోటి కట్టిన. గీమె పెండ్లైనంక ఏడ్పు వస్తుంటే ఇంకోటి. మొత్తం మూడు చరణాలు. మూడిట్ల గుడ నిదురబో అనే ఉన్నది. ఏ పుస్తకంల లేదు. నా నోట్లకెళ్లి వచ్చింది, వాని చెవుల పడ్డది. వాడు మీకు పాడి ఇనిపిస్తుండెనని చెప్తుండె."

"అవునమ్మా. బడాఖానా, అంటే పల్టన్ అంత కలిసి తినే దావత్, అయిన ప్రతిసారి పాడుతుండె. ఢోలక్ కొట్టుకుంట. పంజాబోళ్లు గుడ ఇష్టంగ ఇంటుండె."

"మరి నాలుగో చరణం? 'మంచుకొండ దిగి మామ వస్తడంట, మేలుకో.' అది ఎప్పుడు కట్టిన్నో ఎర్కేనా?"

అమర్‌సింగ్ చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకుని, తాగకుండానే కింద పెట్టాడు.

"ఫిబ్రవరి నాలుగు. పొద్దున ఎనిమిది గంటలు. గీమెకు బిడ్డ పుట్టి రెండో దినం. దవాఖానల ఉన్నం. ఆమెర్ మంచుకొండ కాడి క్యాంపు నుంచి ఫోన్ చేసిండు. 'అమ్మీ, మీదికి పోతున్నం, మల్ల పది దినాల దాక ఫోనుండది. నా మేనకోడలికి ఒక చరణం కట్టు, నడుసుకుంట పాడుకుంట' అన్నడు. అప్పటికప్పుడు కట్టిన. మేము మామూ అంటం. పాట తెలుగుల ఉండె గనుక మామ అన్న. పిల్ల కండ్లు తెరుస్తలేదు అప్పుడు. అందుకే మేలుకో అన్న. మామ వచ్చి ఎత్తుకునేదాక మేలుకో అన్న. నువ్వేమో దాన్ని మొగడూ పెండ్లాం పాట చేసినవ్."

"అమ్మా..."

"ఆగు. ఒక్కసారే పాడిన, ఆ ఫోన్ల. గీమె నిద్రల ఉండె, ఇన్లేదు. మాపటికి వాడు మంచుల పోయిండు. మల్ల ఆ చరణం నా నోట్లకెళ్లి రాలేదు. పదేండ్లల్ల ఒక్కసారి రాలేదు. ఎవలకోసం కట్టిన్నో ఆ పిల్లకు గుడ పాడలేదు. లోకం మీద ఇద్దరికే ఎర్క. నాకు, వానికి." ఆమె గొంతు పెరగలేదు. "నీకెట్ల తెల్సు బేటా?"

అమర్‌సింగ్ చాయ్ గ్లాసు వైపు చూశాడు. మీగడ కట్టింది.

"ఆ పొద్దుగాల... ఫోన్ పెట్టినంక... కింది క్యాంపుల పాడిండమ్మా. నేను ఆడ్నే ఉన్న."

"లేదన్నా," అంది కహ్కషాన్. ఆమె అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడే ఉంది. "అన్న శవపెట్టె తెచ్చిన నాడు గీ గడప కాడ నిలవడి నువ్వేమన్నవో నాకు మంచిగ యాదున్నది. చంకల రెండువారాల పిల్ల, ఎట్ల మర్సిపోత? అమ్మ నిన్ను అడిగింది, 'వాని ఎంబడి నువ్వున్నవా' అని. 'లేనమ్మా, నేను అప్పటికే ఐదు దినాల సంది ఇంకో క్యాంపుల ఉన్న, వాన్ని చూడనే లేదు' అన్నవ్."

అప్పుడే ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు పేల్చారు. రోజూ ఆ వేళకు పేలుస్తారు. దూరంగా నేల అడుగున మూలిగినట్టు శబ్దం వచ్చి, కిటికీ అద్దాలు గలగలలాడి ఆగాయి. ఇంట్లో వాళ్లెవరూ కదలలేదు. అమర్‌సింగ్ మాత్రం ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. ఎడమచేత్తో మంచంకోడు పట్టుకున్నాడు. ఆ చేతికి చివరి రెండు వేళ్లూ సగమే ఉన్నాయి.

జహీరా ఆ వేళ్ల వైపు చూసింది.

"గవి అప్పుడే పోయినయా?"

"అప్పుడే," అన్నాడు. నిలబడే ఉన్నాడు. ఆ చేతిని వెనక్కి లాక్కున్నాడు. "ఎంబడి నేనే ఉన్ననమ్మా."

ముందుగదిలో మిషను ఆగింది.

ఆ తర్వాత అతను చెప్పిన తీరు వరసగా లేదు. ముందుది వెనక, వెనకది ముందు చెప్పాడు. మధ్యమధ్య ఆగాడు. అతను చెప్పింది ఇది.

ఆ రోజు పైపోస్టుకు వాళ్లిద్దరే బయల్దేరారు. ముందు ఆమెర్, వెనక అమర్‌సింగ్. నడుస్తున్నంతసేపూ ఆమెర్ కొత్త చరణం పాడుతూనే ఉన్నాడు. మేనకోడలు పుట్టిందని క్యాంపులో అందరికీ ఎండు ఖర్జూరాలు పంచి వచ్చాడు. మధ్యాహ్నానికి గాలి లేచింది. ఒక వాలు దాటుతుంటే ఆమెర్ కాళ్ల కింద మంచు పెంకులా విరిగింది.

"చెర్వు ఎండితే నెర్రెలు పడ్తయ్ గదమ్మా. మంచుల గుడ గట్లనే నెర్రెలుంటయ్. మీద పల్సగ మంచు కప్పుకొని ఉంటది, కానరాదు. దాంట్ల జారిండు. ముప్పై అడుగుల లోతు ఉండొచ్చు. కింద రెండు మంచుగోడల నడుమ ఇరుక్కపోయిండు. పిలిస్తే పలికిండు. తాడు ఇడిసిన. అందింది. కానీ భుజాలు విరిగినయ్, కట్టుకోలేకపోయిండు."

"నొప్పి అన్నడా?" అంది జహీరా.

"మొదాల అన్నడు. తర్వాత అన్లేదు. సలికి మొద్దువారి ఉంటది." అతను మొండి వేళ్లను నొక్కుకున్నాడు. "వైర్లెస్ సెట్టు వాని వీపుకే ఉండె. వానితోనే కిందికి పోయింది. అందుల సుబేదార్ సాబ్‌తోని మాట్లాడిండు. మీది నాకు ఏం ఇనబడది. గాలి. వాడే నాకు మొత్తుకొని చెప్పాలె."

"తర్వాత?"

"నిద్ర వస్తున్నదన్నడు. మంచుల నిద్రపోతే మల్ల లేవరు. మాకు నేర్పిస్తరు. పండకురా, పాడు అన్న. వాడు పాడిండు. వేరే చరణాలు పాడలేదమ్మా. అవన్ని నిదురబో అనేటియి గద. గా నాలుగోదే పాడిండు. మేలుకో, మేలుకో అని. నన్ను గుడ పాడమన్నడు. నువ్వు పాడుతుంటేనే నువ్వున్నట్టు నాకు తెలుస్తది అన్నడు. ఇద్దరం పాడినం. గంట పాడినమో, ఎక్కువనో."

కహ్కషాన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల్లి ఆమె వైపు చూడలేదు.

"గంట పాడినంక?"

"నాకు చేతులు తెల్వలేదు. కండ్ల ముంగట ఏం కానస్తలేదు. తర్వాత..." అమర్‌సింగ్ గోడ వైపు చూస్తూ చెప్పాడు. "సెట్ల వాపస్ రమ్మని ఆర్డర్ వచ్చింది. సుబేదార్ సాబ్ ఇచ్చిండు. ఆర్డర్ కాబట్టి లేచిన."

పదేళ్ల కింద విచారణలో పెద్ద ఆఫీసర్ల ముందు చెప్పిన మాటే అది. ఒక్క అక్షరం మారలేదు.

జహీరా తల ఊపింది. "అవును. సదానందం గుడ గదే చెప్పిండు."

అమర్‌సింగ్ చప్పున తిరిగాడు. "ఎవరు?"

"మీ సుబేదారు. బచ్చన్నపేటాయన. నౌకరి పోయినంక ఇంటికొచ్చిండు. 'అమ్మా, మీ కొడుకు తానకెళ్లి తోటి సిపాయిని వాపస్ పిలిచింది నేనే, తప్పు నాది' అన్నడు. ఆ తోటి సిపాయి ఎవరయ్యా అంటే మాత్రం పేరు చెప్పలేదు. ఎన్ని తీర్ల అడిగినా చెప్పలేదు. అప్పటిసంది ప్రతి యేడు వస్తడు. కబరస్తాన్ బైట నిలవడి పోతడు."

అమర్‌సింగ్ మంచం పట్టె మీద కూలబడ్డాడు.

నాయబ్ సుబేదార్ సదానందం ఆ క్యాంపుకు పెద్ద. ఇరవై ఆరేళ్ల సర్వీసు. బతికున్న సిపాయిని మంచులో వదిలేయించాడన్న మాట మీద పడి, తలవంచుకుని ఇంటికి పోయాడు. విచారణ గదిలో అమర్‌సింగ్ ఆ మాట చెబుతుంటే సదానందం అతని ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. లేచి కాదనలేదు. ఎందుకు కాదనలేదో అమర్‌సింగ్‌కు ఇన్నేళ్లూ అర్థం కాలేదు. అట్లాంటి మనిషి ఈ తల్లి ముందుకు కూడా వచ్చి, అడగకపోయినా ఆ నింద తలకెత్తుకున్నాడా?

"అమ్మా," అన్నాడు. "అమ్మా, అది అబద్ధం."

"ఏది?"

"ఆర్డర్ రాలేదు. వాపస్ రమ్మని ఎవ్వలు అన్లేదు. సెట్ల సాబ్ ఏమన్నడో ఆమెరే నాకు మొత్తుకొని చెప్పిండు. 'నలభై నిమిషాలల్ల వస్తున్నరట, నిన్ను ఆడ్నుంచి కదలొద్దన్నడు' అని. నేను సరే అన్న. ఇంకో రెండుసార్లు పాడిన. గంతే. నాతోని కాలేదు. సాయం తేనీకి పోలేదమ్మా నేను. సలికి పోలేదు. గా పాట ఇనలేకపోయిన. మేలుకో, మేలుకో అని గా గుంతలకెళ్లి వస్తుంటే ఇనలేకపోయిన. చప్పుడు చెయ్యకుండ లేచి నడిసిన. పోతున్న అని గుడ చెప్పలేదు వానికి."

కహ్కషాన్ తల్లి పక్కకు వచ్చి కూర్చున్నా అమర్‌సింగ్ ఆపలేదు.

"ఎనకనే ఇనబడింది. ఎంత దూరం పోయినా ఇనబడింది. సెట్టు బ్యాటరీ సలికి పోయిందనుకున్న, ఎవలకు తెలుస్తది అనుకున్న. తుఫాను తగ్గక తెల్లారినంకనే అందరు ఆడికి పోయిన్రు. అప్పటికి..." అతను ఆగి, ముఖం తుడుచుకున్నాడు. "ఇప్పటికి గుడ ఇనబడ్తది. చప్పుడు ఆగితే చాలు, స్టేజి కిందికెళ్లి వస్తది, మంచం కిందికెళ్లి వస్తది. అందుకే బైటికి పాడిన. పది మందిల పెట్టి, డబ్బాలల్ల పెట్టి, గట్టిగ మోగిస్తే లోపట ఆగుతదేమో అనుకున్న. ఆగలేదు."

జహీరా బేగం మంచం దిగింది. మెల్లగా అతని ముందుకొచ్చి నిలబడింది. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. ఆమె అతని మొండి వేళ్ల చేతిని తీసి తన రెండు చేతుల్లో పెట్టుకుని, చలిమంట దగ్గర చేతులు కాచుకునే మనిషిలా కొంతసేపు రుద్దింది. తర్వాత వదిలేసింది.

"పోతున్న అని ఒక్క మాట చెప్పాలె ఉండె బేటా," అంది. "చెప్పి పోవాలె ఉండె."

అతను మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. ఆమె మాఫ్ చేశానని అనలేదు. చేయనని కూడా అనలేదు.

గుమ్మంలో అలికిడి అయింది. అబ్దుల్ వహాబ్ నిలబడి ఉన్నాడు. మెడలో కొలతల టేపు, చేతిలో కత్తెర. అంతా విన్నాడని అతని ముఖమే చెబుతోంది.

"మొదటి యేడు ఆయన వచ్చినప్పుడు," అన్నాడు, "నేను చెయ్యి చేసుకున్న. అందరు చూస్తుంటే, మసీదు ముంగట. సెంప మీద కొట్టిన. ఆయన చేతులు కట్టుకొని నిలవడ్డడు. నాకంటే చిన్నోడు, మిలిటరోడు, తిప్పి కొడితే నేను లేవకపోదును. ఊకున్నడు." ముసలివాడు మెడలోని టేపు లాగి పట్టుకున్నాడు. "తప్పు లేని మనిషిని కొట్టిన్నా నేను?"

అతను కత్తెరను కిటికీలో పెట్టి భార్య వైపు తిరిగాడు. "ఆయన నంబరు నీ తాన ఉన్నది గద. కలుపు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నేను మాట్లాడాలె."

కహ్కషాన్ నంబరు వెతికి, అందరికీ వినపడేట్టు పెట్టి ఫోన్‌ను మంచం మీద ఉంచింది. అటువైపు మోటారు పంపు చప్పుడు. పత్తి చేనులో ఉన్నట్టున్నాడు.

"అమ్మా, నమస్తే. అంత మంచిదేనా?" అది సదానందం గొంతే. పదేళ్లయినా అమర్‌సింగ్ వెన్ను దానంతట అదే నిటారైంది.

"నేను ఆమెర్ బాబను," అన్నాడు వహాబ్. "సుబేదార్ సాబ్, మీరు వాపస్ రమ్మని ఆర్డర్ ఇయ్యలేదట గద. మల్ల మీ మీద ఎందుకేసుకున్నరు? మా తాన మీరెందుకు అబద్ధం చెప్పిన్రు?"

అటువైపు పంపు చప్పుడు ఆగింది.

"ఎవలన్నరట్ల?"

"నేనే సార్," అన్నాడు అమర్‌సింగ్. "అమర్‌సింగ్‌ను. ఇంట్లనే ఉన్న. అంత చెప్పేసిన సార్. మీరు కదలొద్దన్నరు, నేను లేచి పోయిన. విచారణల మీ మీద అబద్ధమాడిన. మీ కాళ్లు మొక్కుత, మీరు ఇంక మొయ్యకున్రి."

"అమర్," అన్నాడు సదానందం, ఆజ్ఞ ఇచ్చే గొంతుతో కాదు, అలిసిపోయిన గొంతుతో. "నువ్వు అబద్ధమాడలేదురా. ఆడిన అనుకుంటున్నవ్."

"సార్?"

"వాపస్ రమ్మని నేను ఆర్డర్ ఇచ్చిన. నిజంగనే ఇచ్చిన. ఎవ్వలు రాలేరు, తుఫాను లేస్తున్నది, అమర్‌ను పంపియ్యి, లేకపోతే ఇద్దరు పోతరు అని సెట్ల మూడుసార్లు చెప్పిన. వాడు నీకు మొత్తుకొని చెప్పింది సెట్ల నేను గుడ ఇన్న, కానీ నలభై నిమిషాలు అని నేను అననే లేదు. కదలొద్దు అని అననే లేదు."

అమర్‌సింగ్‌కు ఆ మాట తలకెక్కడానికి సమయం పట్టింది. జహీరాకు అంత పట్టలేదు. ఆమె గోడను తడుముకుంటూ మంచం మీద కూర్చుంది.

"అయితే నా కొడుకు..." అంది.

"భయపడ్డడమ్మా. ఇరవై ఆరేండ్ల పిల్లగాడు. ఒక్కడే ఉండాల్నంటే భయపడ్డడు. అందుకే నేను ఒకటి చెప్తే, అమర్‌కు ఇంకోటి చెప్పిండు. తప్పు పట్టకున్రి. నేను పట్టలేదు. సచ్చిపోయినోని మీద అబద్ధం మోపుడెందుకని ఎవలకు చెప్పలేదు. ఆర్డర్ నాదే. దాని ఫలం నాదే."

వహాబ్ గుమ్మం పట్టుకుని అట్లాగే కింద కూర్చుండిపోయాడు. కహ్కషాన్ తండ్రి దగ్గరికి పోయింది.

"సార్," అన్నాడు అమర్‌సింగ్. "సెట్టు... బ్యాటరీ పోలేదా?"

"పోలేదు. నువ్వు లేచి పోయింది వానికి తెలిసింది. నీ గొంతు ఆగంగనే వాడు పాట బంద్ చేసిండు. మల్ల పాడలేదు."

"లేదు సార్! నేను ఇన్న. నా ఎనకనే వచ్చింది. క్యాంపు దాక ఇన్న."

"పాడలేదురా. సెట్టు నా చెవి కాడనే ఉండె. నువ్వు పోయినంక వాడు నాతోని ఎనిమిది నిమిషాలు మాట్లాడిండు. మాట్లాడింది మాట్లాడినట్టు లాగ్ బుక్కు వెనక కాయితం మీద రాసుకున్న. చింపి దాచిపెట్టిన. ఎప్పుడూ జేబుల్నే ఉంటది."

జహీరా ఫోన్ మీదికి వంగింది. కొడుకు మాటలు ప్రపంచంలో ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయని ఆమెకు పదేళ్ల తర్వాత తెలిసింది. "చదువు," అంది. "చదువు నాయినా."

"మీకు చదువుతనమ్మా. మీ ఇద్దరికి. కానీ అమర్ ఇనొద్దు. అమర్‌కు మాత్రం చెప్పకు సాబ్ అని ఆమెర్ నాతోని ఒట్టు పెట్టించుకున్నడు. అందుకే ఇన్నేండ్లు..."

అమర్‌సింగ్ లేచాడు. చెప్పులు వెతుక్కుంటూ గుమ్మం వైపు నడిచాడు. జహీరా అతని చొక్కా అంచు పట్టుకుంది. ఆ ముసలి చేతిలో అంత బలం ఉందని అతను అనుకోలేదు.

"యాడికి?" అంది. "ఈడ్నే ఉండు." తర్వాత ఫోన్ వైపు తిరిగింది. "ఒట్టు నేను తీసేస్తున్న. వాన్ని కన్నదాన్ని. చదువు సదానందం."

అటువైపు మడతలు విప్పుతున్న చప్పుడు. పాత కాగితం, చాలాసార్లు విప్పి మడిచినది. సదానందం గొంతు సవరించుకున్నాడు.

"మొదటి మాట," అన్నాడు. "'సాబ్, నేను జారి పడలేదు. నెర్రె ఉన్నదని అనుమానమొచ్చి, అమర్ అడుగెయ్యకముందు నేనే కాలేసి చూసిన.'"